రెండు గ్లాసుల నీళ్ళు

"తాళంచెవి ఇలా ఇవ్వండి నాన్నా."

కొడుకు అడగడం ఇది మూడోసారి. మామయ్య వరండా మెట్టు మీద కూర్చుని, చెప్పుల అడుగున అంటుకున్న ఊకను పుల్లతో గీకుతున్నారు. వినపడక కాదు. వినపడిందని ఎదుటివాళ్ళకు తెలిసేంత నింపాదిగా గీకుతున్నారు.

"ట్యాంకు గది నీ చేతికెప్పుడొచ్చింది?"

"నాలుగువేల కోళ్ళు పొద్దుటి నుంచి నీళ్ళు ముట్టలేదు. గది ఎవరిదో తర్వాత తేల్చుకుందాం."

"వాన వెలిసి ఎండ చుర్రుమంటోంది. ఎండకి కోడి డీలా పడుతుంది. మామూలే."

"ఎండకి కోడి మేత మానుతుంది, నీళ్ళు మానదు. ఈ ముక్క నాకు నేర్పింది మీరే."

మామయ్య పుల్లను రెండుగా విరిచి వాకిట్లోకి విసిరారు. రెండో చెప్పు అందుకున్నారు.

గుమ్మం దగ్గర నిలబడ్డ కోడలి గుప్పిట్లో అగ్గిపుల్లంత కాగితం ముక్క ఉంది. షెడ్డులో చివరి పైపు దగ్గర కూర్చుని, కోళ్ళు ముక్కుతో పొడిచే స్టీలు నిపుల్‌ను వేలితో నొక్కి, సీసా మూతలోకి నాలుగు చుక్కలు పట్టి, అందులో ముంచి తెచ్చింది. నీళ్ళలో పులుపు సరిపోతే ఆ కాగితం పసుపు రంగుకు తిరగాలి. పులుపు మితిమీరి ఎర్రగా తిరిగింది. పండు మిరపకాయంత ఎరుపు.

ఆ ఎరుపు చూడగానే తన లోపల ఎవరో లేచి చప్పట్లు కొట్టినట్టయింది. ఆ చప్పట్లు విన్నందుకే ఆమెకు సిగ్గేసింది. చుట్టూ నాలుగువేల కోళ్ళు నోళ్ళు తెరుచుకుని రొప్పుతుంటే, తన మనసు ముందు చూసుకున్నది గెలుపునా? షెడ్డు నుంచి ఇంటిదాకా నడిచిన వంద అడుగులూ ఆ ప్రశ్నే కాలికి తగులుతూ వచ్చింది.

పెళ్ళికి ముందు నాలుగేళ్ళు రక్తపరీక్షల గదిలో పనిచేసింది. రిపోర్టు కవరులో పెట్టి, కిటికీలోంచి అందించేటప్పుడు మనిషి మొహం చూడకూడదని అక్కడే నేర్చుకుంది. చెయ్యి చాపడం, చూపు మళ్ళించడం. కాపురానికి వచ్చిన కొత్తలో ఆ సంగతి విని మామయ్య పెట్టిన పేరే "రిపోర్టమ్మ". పదకొండు రోజులుగా ఆ పిలుపు లేదు. ఏ పిలుపూ లేదు.

"ఏమండీ," అని అరచెయ్యి తెరిచి భర్త ముందు పెట్టింది. చూపు మళ్ళించుకుంది.

అతను చూశాడు. తండ్రి వైపు తిరిగాడు. "నిమ్మఉప్పు ఎన్ని డబ్బాలు వేశారు?"

"ఎన్ని పడితే అన్ని. డబ్బాలు లెక్కపెట్టుకుని వేసేవాణ్ణయితే నాలుకెందుకు నాకు?"

"పొద్దున్న రుచి చూశారా?"

"చూడకుండా ఒక్కరోజన్నా పైపు తిప్పానా? చూశాను. నాలుక చివర చురుక్కుమంది. సరిపోయిందని తిప్పాను." గుమ్మం వైపు చూడకుండా అన్నారు: "ఆ తర్వాత ఎవరన్నా వెళ్ళి ఇంకాస్త కలిపితే నాకు తెలీదు. నెలన్నర పైగా ఆవిడ చేతుల్లోనే ఉంది కదా గది. మారు తాళంచెవి లేదని ఏముంది?"

ఆవిడ. రిపోర్టమ్మ ఆవిడైంది.

వంటింట్లో గిన్నె చప్పుడు ఆగిపోయింది. అత్తయ్య వింటోంది.

భర్త నోరు తెరిచాడు. కోడలు అతని మొహంలోకి చూసింది. అలా అనకండి నాన్నా అంటాడని చూసింది. అతను నోరు మూసుకున్నాడు.

మామయ్య మొలలోంచి తాళంచెవి తీసి మెట్టు మీద పెట్టారు. కొడుకు చేతికివ్వలేదు.

* * *

ట్యాంకు గది అంటే గదేమీ కాదు. నాలుగు రేకులు, ఒక తలుపు. లోపల దిమ్మ మీద నల్ల ట్యాంకు, పక్కన నిమ్మఉప్పు బస్తా, తెల్లటి పొడి గడ్డకట్టిన రేకు డబ్బా.

మామయ్య వంద కోళ్ళతో మొదలుపెట్టిన రోజుల్లో ఒక ఏడు విరేచనాలు పట్టుకుని సగం పోయాయట. నీళ్ళకు కాస్త పులుపు తగిలిస్తే కోడి కడుపులో చెడ్డ పురుగు నిలవదని అప్పటి పశువుల డాక్టరు చెప్పాడు. ఎంత పులుపు అంటే ఆయన దగ్గరా లెక్క లేదు. బోరు నీళ్ళు ఎండాకాలం ముదురుతాయి, రెండు డబ్బాలు వేసినా చలించవు. వాన పడితే మెత్తబడతాయి, ఒక్క డబ్బాకే లొంగిపోతాయి. అందుకని మామయ్య నాలుకను నమ్ముకున్నారు. ముప్పయ్యేళ్ళు అది తప్పలేదు. తప్పలేదన్నది ఇంట్లో వాళ్ళ మాట కాదు, కోళ్ళ మాట.

రెండు నెలల కింద ఆయనకు జ్వరం వచ్చి మంచం పట్టినప్పుడు తాళంచెవి కోడలి దగ్గరికి వచ్చింది. ఆమె కాగితాలు తెప్పించుకుంది. రంగు చూసి వేసేది, తగ్గించేది. పదకొండు రోజుల కింద, కోలుకున్న మామయ్య, షెడ్డు చూడటానికొచ్చిన పశువుల డాక్టరు ఎదుటే రుచి చూడబోతే, నవ్వుతూనే అనేసింది: "నాలుకకేం తెలుస్తుంది మామయ్యా!"

ఆయన నవ్వలేదు. మేకుకున్న తాళంచెవి తీసుకుని మొలలో దోపుకున్నారు. అంత చిన్నమాటకు అంత పెద్ద దెబ్బ తగిలిందేమిటని ఆమె పదకొండు రోజులుగా తవ్వుకుంటూనే ఉంది.

"బస్తా చూడండి," అంది భర్తతో. "రెండు నెలలు రావాలి. పదకొండు రోజులకే సగానికి దిగింది."

అతను బస్తా చూడలేదు. అడుగు పైపు విప్పడానికి వంగినవాడు, వంగే అడిగాడు: "నువ్వేమన్నా వేశావా?"

"ఏంటి?"

"అంటే... ఆయన వేశాక నువ్వు చూసుకుని... తక్కువైందేమో అని..."

"నా దగ్గర మారు తాళంచెవి ఉందనుకుంటున్నారా?"

"అడిగానంతే. తేలాలి కదా."

ఎనిమిదేళ్ళ కాపురంలో అతను ఇలా వంగి, వీపు చూపించి ఆమెనేదీ అడగలేదు. ఆ వీపును చూస్తూ, జవాబు చెప్పడమంటే ప్రశ్నను ఒప్పుకోవడమే అనిపించింది. 

నీళ్ళు వదిలేముందు ఒక సీసాలోకీ, ఒక స్టీలు గ్లాసులోకీ పట్టింది. గ్లాసు పెదవికి ఆనించింది. పళ్ళు జివ్వుమన్నాయి, కన్ను దానంతటదే మూసుకుంది. వెంటనే ఉమ్మేసింది.

"ఏదీ, ఇలా తే."

మామయ్య తలుపు దగ్గరున్నారు. ఎప్పుడొచ్చారో. కొడుకు వైపే చూస్తూ, ఆమె చేతిలోని గ్లాసు అందుకుని ఎత్తారు. గటగటా సగం తాగేశారు. నాలుకతో పెదవి తుడుచుకున్నారు.

"బానే ఉంది. చివర్న చురుక్కుమంటోంది. ఇంతకంటే ఏముండాలి?"

ఆమె ఆయన మొహాన్నే చూస్తోంది. కనుబొమ్మ కదల్లేదు. దవడ బిగియలేదు. గొంతు ఒక్కసారి కూడా వద్దనలేదు. మనిషి నోరు అబద్ధమాడగలదు. ఇంత పులుపు దగ్గర మొహం ఆడలేదు.

ఆ మొహానికి ఏమీ తెలియలేదు. నిజంగా ఏమీ తెలియలేదు.

తను పదకొండు రోజుల కింద నవ్వుతూ అన్న మాట ఎక్కడ తగిలిందో అప్పుడు అర్థమైంది. చీకట్లో చెయ్యి విసిరితే ఎవరి గాయపు కట్టు మీదో పడినట్టు. గ్లాసు తిరిగి తీసుకుంటుంటే ఆయన చూపు మొదటిసారి ఆమె చూపుకు తగిలింది. చటుక్కున తప్పించుకుంది. రిపోర్టు కిటికీ దగ్గర ఆమె నాలుగేళ్ళు చేసిన పనే అది.

భర్త పైపు లాగేశాడు. నీళ్ళు ధారగా బయటి కాలవలోకి పడ్డాయి. 

* * *

పైపులన్నీ రెండుసార్లు కడిగి, కొత్త నీళ్ళు నింపేసరికి పన్నెండు దాటింది. గుడ్లు ఏరే గంపమ్మ చచ్చిన మూడు కోళ్ళను ఎత్తి అవతల పెట్టి, కోడలి పక్కన వచ్చి నిలబడింది.

"పొద్దున్న షెడ్డు పెళ్ళివారు వెళ్ళిపోయిన ఇల్లులా ఉందమ్మా. నాకు భయమేసింది. కోడి అరిస్తే తిడతాంగానీ, అరవకపోతే తెలుస్తుంది దాని విలువ."

"విను," అంది కోడలు.

మొదట ఒక మూల. టిక్. ఒక కోడి నిపుల్‌ను పొడిచి, తల పైకెత్తి, గొంతులోకి చుక్క దింపుకుంది. మళ్ళీ పొడిచింది. పక్కది చూసింది. టిక్, టిక్. పది నిమిషాల్లో షెడ్డంతా రేకుల మీద చిరుజల్లు పడుతున్న చప్పుడు.

"హమ్మయ్య. మాటలొచ్చాయి వీటికి," అంది గంపమ్మ. "ఇంక ఇంట్లో మనుషులకి రావాలి."

"నీకు చాలా తెలుసే."

"గోడకీ నాకూ తేడా ఏముందమ్మా, ఇద్దరం వింటాం. గోడ గుడ్లు ఏరదు, అంతే."

కోడలికి నవ్వొచ్చింది. నవ్వు మధ్యలోనే ఎందుకో కళ్ళు చెమర్చాయి.

వంటింట్లో అత్తయ్య తరిగిన కూరగాయలనే మళ్ళీ తరుగుతోంది.

"అత్తయ్యా, మామయ్య ఈ మధ్య తిండి గురించి ఏమన్నా అంటున్నారా? ఉప్పెక్కువనో, కారం చాలలేదనో?"

కత్తి ఆగింది.

"ఎందుకడుగుతున్నావు?"

"ట్యాంకు నీళ్ళు సగం గ్లాసు తాగారు నా ఎదురుగా. నేను చుక్క కూడా మింగలేకపోయాను."

అత్తయ్య కత్తిని పీట మీద, చప్పుడు కాకుండా పెట్టింది.

"జ్వరం తగ్గిన వారానికి ఒకరోజు కూరలో ఉప్పు మర్చిపోయాను. వడ్డించాక గుర్తొచ్చింది. గిన్నె పట్టుకుని పరిగెత్తుకొచ్చాను. ఆయన తినేస్తున్నారు. బాగుందే ఇవాళ, అన్నారు."

కోడలు ఆమె పక్కన చతికిలబడింది.

"మర్నాడు కావాలని మర్చిపోయాను."

"అడగలేదా?"

"ఏమని? ముప్పై ఎనిమిదేళ్ళ నుంచీ నా వంటకి వంకలు పెట్టిన మనిషి. వంక పెట్టడం మానేస్తే హాయిగా ఉంటుందనుకున్నాను ఎన్నోసార్లు. ఇప్పుడు రోజూ బాగుంది బాగుంది అంటుంటే నాకు ముద్ద దిగట్లేదు." పైట చెంగుతో ముక్కు తుడుచుకుంది. "వాసన కూడా లేదు. మొన్న పాలు మాడిపోతుంటే పక్కనే కూర్చుని పేపరు చదువుతున్నారు."

"డాక్టరుకి చూపిద్దాం. కొందరికి మెల్లగా తిరిగొస్తుంది."

"ఒప్పుకుంటేగా. ఒప్పుకుంటే ఆయనకి ఇంకేం మిగులుతుంది? తిరిగే పనులు కొడుకు తీసుకున్నాడు, లెక్కలు కొడుకు తీసుకున్నాడు. ఆ నాలుకొక్కటే కదా ఆయన ఉద్యోగం." అత్తయ్య కోడలి చెయ్యి పట్టుకుంది. "కూర దాకానే అనుకున్నానే. ట్యాంకు దాకా వెళ్తుందని తట్టలేదు. మూడు కోళ్ళు నా వల్లే పోయాయి."

"మీ వల్ల కాదత్తయ్యా."

"మరెవరి వల్ల? నీ వల్లంటున్నారుగా అక్కడ."



* * *

భోజనాలయ్యాక భర్త వరండాలోకి, మామయ్య కూర్చున్న మెట్టు ముందుకు బల్ల లాగాడు.

"ఇలా మూతులు ముడుచుకుని సాయంత్రం దాకా కూర్చోలేం. సాయంత్రం మళ్ళీ ట్యాంకు నింపాలి. తేల్చేసుకుందాం." భార్య వైపు తిరిగాడు. "పొద్దుటి నీళ్ళు సీసాలో పట్టావు కదా. ఒక గ్లాసులో అవి పొయ్యి. ఇంకో గ్లాసులో ఉత్త బోరు నీళ్ళు. ఏది పుల్లనిదో నాన్న రుచి చూసి చెప్తారు. చెప్పారంటే ఆయన నాలుక సరిగ్గానే ఉన్నట్టు. పొద్దున్న ఆయన సరిగ్గానే వేసినట్టు."

వాక్యం అక్కడ ఆపేశాడు. మిగతా సగం అందరికీ వినపడింది. అప్పుడు వేసింది నువ్వు.

"నాకు పరీక్షలేంట్రా ఈ వయసులో?" అన్నారు మామయ్య. గొంతులో కోపం ఉంది. కోపం కింద ఇంకోటి ఉంది. పరీక్షగది బయట బెంచీల మీద కూర్చున్నవాళ్ళ దగ్గర ఆమె రోజూ వినేది దాన్ని.

"ఒక్క గుక్క. అంతే నాన్నా."

"తాగి చెప్తే నోరు మూసుకుంటావా?"

"మూసుకుంటాను."

"తే అయితే."

లోపలికి వెళ్ళి ఆమె రెండు స్టీలు గ్లాసులు తీసింది. అచ్చంగా ఒకేలా ఉన్నాయి. సీసా నీళ్ళు కుడివైపు దానిలో పోసింది. బోరు నీళ్ళు ఎడమవైపు. పళ్ళెంలో పెట్టింది. 

నిజం చెప్పడానికి తనేమీ చెయ్యనక్కర లేదు. పళ్ళెం బల్ల మీద పెట్టి పక్కకు తప్పుకుంటే చాలు. రిపోర్టు దానంతటదే వస్తుంది. రంగు కాగితానికి ఎవరి మీదా కోపం లేదు, జాలి లేదు. నాలుగేళ్ళు తను అలాగే బతికింది. ఒకసారి, ఒక్కసారే, కవరు తీసుకున్న ముసలాయన ఒకరు కిటికీ దగ్గరే నిలబడి, "అమ్మా, ఇందులో ఏముందో నువ్వే చెప్పు, నేను చదవలేను," అన్నాడు. డాక్టరుకి చూపించండి అని కిటికీ మూసింది. ఆ మూసిన చప్పుడు ఇన్నేళ్ళూ ఎక్కడ దాక్కుందో, ఇప్పుడు వినపడింది.

ఆయనకు సాయం చేస్తే? చేస్తే తప్పు తన మీదికొస్తుంది. భర్త వీపు అడిగిన ప్రశ్నకు అవును అన్నట్టవుతుంది. రేపు ఆ తాళంచెవి మళ్ళీ ఆయన మొలలోకే వెళ్తుంది, నాలుగువేల కోళ్ళతో సహా.

అన్నీ తెలిసే పళ్ళెం ఎత్తుకుంది. వరండాలోకి వచ్చి మామయ్య ముందు వంగేసరికి, కుడి బొటనవేలు పుల్లనీళ్ళ గ్లాసు అంచు మీదికి వెళ్ళి ఆగింది. ఆమె పంపిందో, అదే వెళ్ళిందో. అక్కడే ఉంచింది. ఆయన కళ్ళలోకి చూసింది. ఈసారి చూపు మళ్ళించుకోలేదు.

మామయ్య వేలు చూశారు. గ్లాసు చూశారు. ఆమెను చూశారు. ఆయన చూపులో ముందు అర్థమవడం, ఆ వెనకే ఏదో కరగడం కనిపించింది. ఇంత దగ్గరగా ఆయన మొహాన్ని ఆమె ఎప్పుడూ చూడలేదు. గడ్డంలో ఒకచోట గీయడం మర్చిపోయారు.

భర్త బల్లకు అవతల నిలబడి ఉన్నాడు. అత్తయ్య గుమ్మాన్ని రెండు చేతులా పట్టుకుంది.

"వేలు తియ్యి రిపోర్టమ్మా," అన్నారు మామయ్య.

పదకొండు రోజుల తర్వాత ఆ పిలుపు.

ఆమె తియ్యలేదు. ఆయనే తన చేత్తో ఆ వేలిని నెమ్మదిగా గ్లాసు మీంచి తప్పించి, పళ్ళెం అందుకుని బల్ల మీద పెట్టారు. కుడి గ్లాసు ఎత్తి ఒక గుక్క మింగారు. ఎడమ గ్లాసు ఎత్తి ఒక గుక్క మింగారు. తొందరేం లేదు. రెండూ పక్కపక్కనే పెట్టారు.

"చెప్పండి నాన్నా."

"రెండూ నీళ్ళే రా."

"అంటే?"

"ఇవీ నీళ్ళే, అవీ నీళ్ళే. రెండు నెలల నుంచి మీ అమ్మ చేసే కూర నీళ్ళు, కాఫీ నీళ్ళు, అన్నీ నీళ్ళే."  గ్లాసులు వేళ్ళతో దగ్గరికి జరిపారు. "రోజూ ఇవాళ తెలుస్తుందేమో అని ఇంకో డబ్బా వేసేవాణ్ణి. తెలిసేది కాదు. తెలిసినట్టే ఉందని నన్ను నేనే... పొద్దున్న ఎన్ని వేశానో నిజంగా తెలీదురా. ఆ పిల్ల ఏమీ వెయ్యలేదు."

షెడ్డు నుంచి టిక్ టిక్ మని జల్లు చప్పుడు వస్తూనే ఉంది.

అత్తయ్య వచ్చి ఆయన పక్కన మెట్టు మీద కూర్చుంది.  ఆయనే అన్నారు: "ఉప్పు లేకుండా పెట్టావు కదూ ఒకరోజు?"

"రెండు రోజులు."

"నీ మొహం చూసి అనుకున్నా. అందుకే బాగుందన్నా."

అత్తయ్య నవ్వబోయి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

తాళంచెవి బల్ల చివర ఉంది. బల్ల లాగినప్పుడు కొడుకు దాన్ని అక్కడ పెట్టాడు. మామయ్య దాన్ని తీసి, పళ్ళెంలో రెండు గ్లాసుల మధ్య పెట్టారు. కొడుకు చెయ్యి చాపాడు. ఆయన అరచేత్తో కప్పేశారు.

"నీక్కాదు. రంగు చూసి వెయ్యడం తెలిసినవాళ్ళకి." చెయ్యి తీసి కోడలి వైపు పళ్ళెం జరిపారు. "తీసుకో అమ్మా. సాయంత్రం ట్యాంకు నింపాలి. నేనూ వస్తాను. రంగులన్నా చూడనీ."

ఆమె కళ్ళు తాళంచెవి మీద లేవు. బల్లకు అవతల భర్త మొహం మీద ఉన్నాయి. అతను ఆమె బొటనవేలునే చూస్తున్నాడు, ఇంకా గ్లాసు మీదే ఉందన్నట్టు.

"ఆ వేలు..." అన్నాడు అతను. "అంటే, నువ్వే వేశావని నేను అనుకున్నా ఫర్వాలేదనుకున్నావా?"

"మీరు అప్పటికే అనుకున్నారు."

"నేను అడిగాను. అనుకోలేదు."

"పొద్దున్న మొహం చూపించకుండా అడిగారు. ఇప్పుడు మొహం ఇటుంది." ఆమె గొంతు హెచ్చలేదు. "అదే మాట మళ్ళీ ఒక్కసారి అడగండి. జవాబు చెప్తాను. చెప్పాక ఆ చెవి తీసుకుంటాను."

అతను పెదవి తడుపుకున్నాడు. తండ్రి వైపు చూశాడు. ఆయన గ్లాసుల్లోకి చూస్తున్నారు. తల్లి వైపు చూశాడు. ఆమె వాకిట్లోకి చూస్తోంది.

చేతికి దగ్గరగా ఉన్న గ్లాసు ఎత్తి, ఏ గ్లాసో కూడా చూసుకోకుండా గుటకేశాడు. కుడివైపుది.

మొహమంతా ఒక్కసారి ముడుచుకుపోయింది. కన్ను మూసుకుంది. పళ్ళు బిగుసుకున్నాయి. ఆ పులుపుతోనే నోరు తెరవబోయి, తెరవలేక, గ్లాసు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఆమె పళ్ళేనికి అవతల, చేతులు కట్టుకుని, ఎదురుచూస్తోంది.